మంచు బాటపై ఊత

స్వీడన్ దేశమున మేలరెన్ అను పెద్ద సరస్సు నడుమ బ్యోర్కో యను చిన్నదీవి కలదు. క్రీస్తుశకము ఎనిమిదవ శతాబ్ది మధ్యమునుండి పదవ శతాబ్ది కడపటి వఱకు ఆ దీవియందు బిర్కా యను వర్తకపట్టణము విలసిల్లెను; ఉత్తరదేశపు తోళ్ళును, తూర్పుదేశపు వెండినాణెములును అచట చేతులు మాఱుచుండెను. ఆ పట్టణమును చుట్టియున్న శ్మశానభూమిని పురాతత్త్వజ్ఞులు త్రవ్వినపుడు, కత్తులు, పూసలు, తక్కెడలు మొదలగువానితో పాటు, చూచుటకు మిక్కిలి సామాన్యములైన చిన్న ఇనుప ములుకులు కూడ బయల్పడెను. వానిలో కొన్ని గుఱ్ఱముల డెక్కలకు దిగగొట్టినవి. కొన్ని మనుష్యుల చెప్పుల అడుగున బిగించినవి. శీతకాలమున సరస్సు గడ్డకట్టినపుడు దాని మీదుగా పోవువారి కాలు జాఱకుండుటకై కమ్మరి కొట్టి యిచ్చిన ములుకులవి. చనిపోయినవాని వెంట కత్తినుంచుట మనకు వింతగా తోచదు; కాని చెప్పుక్రింది ములుకును కూడ మఱువక యుంచి మన్ను కప్పిన ఆ బంధువుల మనస్సును తలచుకొన్నచో, ఆ దేశమున శీతకాలపు నడక యెంత ప్రాణావసరమైన విద్యగా నుండెనో ఒక్క క్షణమున బోధపడును.

హిమభూముల చరిత్ర వ్రాసినవారు ప్రాయికముగా బలవంతుల కథనే వ్రాసిరి. ధ్రువములను చేరినవారు, ఆల్ప్సు శిఖరముల నెక్కినవారు, గడ్డకట్టిన కాలువలపై గాలివలె తిరిగిన స్కేటింగు నిపుణులు, వీరి సాహసములకు గ్రంథములు కలవు, విగ్రహములు కలవు. కాని ఆ దేశములలోనే ప్రతి శీతకాలమునందును నూతికి నీళ్ళకై పోయిన ముదుసలి, ఆదివారమున చర్చికి బయలుదేఱిన రోగి, తలతిరుగుడుతో బాధపడుచు అంగడికి పోక తప్పని గృహిణి, వీరెట్లు నడచిరి, ఎట్లు పడక నిలిచిరి అను కథ మాత్రము చెదరిపోయి, కమ్మరికొలిమిలో కొంత, వైద్యుల పత్రములలో కొంత, పురపాలక శాసనములలో కొంతగా మిగిలినది. నాకీ రెండవ కథయే ముఖ్యముగా తోచుచున్నది. ఏలయన, దేహమున నిలుకడ తగ్గినవానికి ఆ లోటును ఒకప్పుడు ఇనుమును, ఒకప్పుడు కఱ్ఱయు, ఒకప్పుడు తోడివాని భుజమును, ఒకప్పుడు వీధిలో చల్లిన బూడిదయు పూరించుచు వచ్చెను. ఆ భారమును ఏ కాలమున ఎవరు వహించిరో విచారించినచో, ఆయా సమాజములు తమలోని బలహీనులను చూచుకొన్న తీరు తేటపడును.

చిత్రకారులు మాత్రము పడినవారిని పూర్తిగా మఱువలేదు. యూరపుఖండమున చలి విపరీతముగా ముదిరిన ఆ శతాబ్దులలో, హాలెండు కాలువలు వారముల తరబడి గడ్డకట్టియుండగా, కాంపెన్ పట్టణమున హెండ్రిక్ ఆవర్‌కాంప్ (1585-1634) అను చిత్రకారుడు శీతకాలదృశ్యములనే జీవితవ్రతముగా చిత్రించెను. ఆయన మూగవాడు, చూపుతోనే లోకముతో వ్యవహరించినవాడు. ఆయన పటములలో ఊరంతయు మంచుమీదికి దిగివచ్చును, ధనికులు, బిచ్చగాండ్రు, పిల్లలు, వృద్ధులు. వారి నడుమ జాఱి చతికిలబడినవారికి కూడ ఆయన చోటిచ్చెను. లండను నగరమున థేమ్సునది గట్టిగా గడ్డకట్టినపుడు దానిపై సంత జరుగుట ఆచారముగా నుండెను. అట్టి సంతలలో కడపటిది 1814 ఫిబ్రవరిలో జరిగినది. ఆ సంవత్సరముననే డబ్లిను నగరపు శస్త్రవైద్యుడు ఏబ్రహాం కాలిస్, ముంజేతి యెముక మణికట్టునకు కొంచెమెగువన విరుగు విధమును వర్ణించి వైద్యపత్రికలో ప్రకటించెను. ఎక్స్‌రే కనుగొనబడుటకు ఎనుబదియేండ్లకు పైగా ముందు, కేవలము కన్నుతోను వ్రేళ్ళతోను ఆయన దానిని నిరూపించెను. ఆ వ్యాసమునకును ఆ సంతకును సంబంధమేమియు లేదు. ఐనను పడబోవుచు చేయి చాపి నేల నానుకొనువానికి సాధారణముగా విరుగునది ఆ చోటనే గనుక, మంచు కురిసి గడ్డకట్టిన మఱునాటి యుదయమున ఉత్తరదేశపు ఆసుపత్రులలో బారులు తీరు జనుల చేతులయందు నేటికిని కాలిస్ పేరు వహించిన ఆ అస్థిభంగమే తఱచుగా కానవచ్చును.

అసలు మనుష్యుడు రెండుకాళ్ళపై నిలుచుటయే ఒక నిత్యవిచిత్రము. కన్ను, లోచెవి, పాదము, ఈ మూటినుండి వచ్చు సమాచారమును మెదడు క్షణక్షణము సరిచూచుకొనుచు కండరములకు ఆజ్ఞలిచ్చుటచేతనే మన మొరగక నిలువగలుగుచున్నాము. ఈ రహస్యము పందొమ్మిదవ శతాబ్దిలో మెల్లమెల్లగా విడినది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫ్లూరాన్సు 1820 దశకమున పావురముల లోచెవిలోని అర్ధవృత్తాకార నాళికలను తునిమి చూడగా, అవి వినికిడిని కోల్పోలేదు గాని, తల త్రిప్పుకొనుచు గిరగిర తిరిగి పడిపోయినవి. బెర్లిను వైద్యుడు రోంబెర్గు 1840 దశకమున, వెన్నుపాము చెడిన రోగులు కాళ్ళు దగ్గరగా చేర్చి కన్నులు తెరచియున్నంతవఱకు నిలుతురనియు, కన్నులు మూయించినంతనే తూలి పడుదురనియు వ్రాసెను. పాదములనుండి రావలసిన వార్త రాకపోగా వారు కంటిమీదనే ఆధారపడి నిలిచియున్నారని దాని భావము. 1861లో పారిస్ వైద్యుడు మెనియేర్, తలతిరుగుడు మెదడునుండియే పుట్టనక్కఱలేదు, లోచెవినుండియు పుట్టునని వైద్యపరిషత్తునకు విన్నవించెను. చెవిలో చల్లనినీరు, వేడినీరు పోసి కనుగ్రుడ్ల కదలికనుబట్టి లోచెవి స్థితిని తెలిసికొను పద్ధతిని స్థాపించిన వియన్నా వైద్యుడు బారానీకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించెను. ఆ వార్త చేరునప్పటికి ఆయన రష్యావారి చెరలో యుద్ధఖైదీగా నుండెను.

ఈ మూడు ఆధారములను తలచుకొని శీతకాలపు వీధివైపు చూడుడు. ఉత్తరదేశమున డిసెంబరు మాసమున మధ్యాహ్నము మూడు నాలుగు గంటలకే చీకటి పడును. పగటివేళ సయితము ఎల్లెడల పఱచుకొన్న తెలుపులో నీడలు మాయమై, మిట్టయేదో పల్లమేదో కన్ను గుర్తింపజాలదు. పాదము ఉన్నిమేజోళ్ళలోను దళసరి అట్టలుగల బూట్లలోను మునిగి, చలికి తిమ్మిరెక్కి, నేలనుండి రావలసిన వార్తను సగమే గ్రహించును. మూటిలో రెండు ఆధారములు ఇట్లు మసకబారగా లోచెవి యొక్కటే దిక్కగును. ఆ లోచెవియే వయస్సుచేతనో వ్యాధిచేతనో చెడినవానికి మంచువీధి దాటుట యెంత కష్టమో వేఱుగా చెప్పనక్కఱలేదు. 1943లో కనుగొనబడిన స్ట్రెప్టోమైసిను క్షయరోగమునుండి లక్షలమందిని బ్రతికించెను. కాని కొందఱిలో అది లోచెవిలోని సమత్వేంద్రియమును శాశ్వతముగా చంపివేసెను. అట్లు దానిని కోల్పోయిన అమెరికా వైద్యుడొకడు తన పేరును ప్రకటింపక, రెండు పొడియక్షరములతో మాత్రమే 1952లో ఒక ప్రసిద్ధ వైద్యపత్రికలో తన యనుభవమును వ్రాసెను. మంచముపై పండుకొని చదువుకొనవలెనన్నను నాడి కొట్టుకొనినప్పుడెల్ల తల అదరి అక్షరములు ఎగిరిపోవుచుండగా, మంచపు తలాపి కడ్డీల నడుమ తలను బిగించి చదువవలసి వచ్చెనట! నిశ్చలముగా పండుకొన్నవాని గతియే యిట్లుండగా, నడచువాని సంగతి యేమి? ఆ వ్యాసము, నిలుకడ పోయినవానికి లోక మెట్లు కనబడునో లోపలినుండి చెప్పిన మొదటి సాక్ష్యములలో నొకటి. వైద్యులు మాత్రమే గాక వీధులను కట్టువారు కూడ దానిని చదువవలెనని నా కోరిక.

మంచుగడ్డ ఏల జాఱునను ప్రశ్నకు సమాధానము కూడ సులభముగా దొరకలేదు. మంచు ఉపరితలమున నీటివంటి పలుచని పొర యొకటి ఎల్లప్పుడు నుండునని ఫారడే 1850లో సూచించెను. ఒత్తిడిచేత మంచు కరగునని కొందఱు వాదించిరి గాని, నిలిచియున్న మనుష్యుని బరువు అంతపని చేయజాలదు. రాపిడివలన పుట్టు వేడియే ముఖ్యకారణమని బౌడెన్, హ్యూస్ అను వారు 1939లో ప్రయోగపూర్వకముగా చూపిరి. నడచువానికి వీనివలన తేలు సారము ఇది: మిక్కిలి చలిగానున్న దినము మిక్కిలి ప్రమాదకరమైన దినము కాదు. సున్నకు ఇరువది డిగ్రీలు దిగువనున్నపుడు గడ్డమంచు బిరుసుగానుండి కాలికి కొంత పట్టునిచ్చును. సున్న డిగ్రీల చెంత, పగలు కొంచెము కరగి సాయంకాలము తిరిగి గడ్డకట్టి, దానిపై సన్నని నీటిపొర నిలిచినపుడు, ఆ నేల నూనె పూసిన అద్దము. ఉత్తరదేశపు పెద్దలకు ఈ సంగతి ఏ శాస్త్రజ్ఞుడును చెప్పకయే తెలియును. వారు జనవరి చలికంటె మార్చి కరగుదలకే ఎక్కువ జంకుదురు.

ఇక ప్రాచీనుల ఉపాయములలో పాదమునకు సంబంధించినవే మొదటివి. జూరిచ్ నగరపు పండితుడు జోసియాస్ సిమ్లర్ 1574లో ఆల్ప్సు పర్వతములనుగూర్చి లాటినుభాషలో వ్రాసిన గ్రంథమున, కనుమలు దాటువారు చెప్పులక్రింద కట్టుకొను ఇనుపములుకులను, కొనకు ఇనుము తొడిగిన కఱ్ఱలను, మెత్తని మంచులో దిగబడకుండ పాదమునకు కట్టు వెడల్పాటి చట్రములను, మంచుకాంతినుండి కన్నులను కాపాడు నల్లని కంటియద్దములను కూడ వర్ణించెను. మూడు ఆధారములతో దేహము నిలుచునను సిద్ధాంతము పుట్టుటకు మూడువందల యేండ్లు ముందే ఆ కొండదారుల జనులు కంటికొకటి, కాలికొకటి, చేతికొకటిగా సాధనములను సమకూర్చుకొనియుండిరి. 1750 దశకమున ఉత్తర అమెరికాలో ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని యుద్ధము జరిగినపుడు, జార్జి సరస్సు మంచుపై నడచిన రాబర్ట్ రోజర్సు దళమువారు పాదము నడుమ తోలుపట్టీతో కట్టుకొను చిన్న ఇనుపపీటలను వాడిరి. అప్పటి కోటల శిథిలములలో అవి నేటికిని దొరకుచున్నవి. ఆ పీటకు క్రిందివైపున వాడియైన కొనలుండును; అది అరికాలి పల్లమున నుండుటచేత, మడమను ముందుగా మోపి నడచువాడు ఆ కొనలు మంచును తాకకమునుపే జాఱిపోవును. కావున దానిని కట్టినవాడు పాదమంతయు ఒక్కసారిగా చదునుగా మోపి, పొట్టియడుగులు వేయుట నేర్చుకొనవలసినదే. సాధనము నడకను మార్చెను. ఆ మారిన నడకయే సగము రక్షణ. కొండలెక్కువారికై ఆంగ్లేయుడైన ఆస్కార్ ఎకెన్‌స్టైన్ 1908 ప్రాంతమున పదికొనల ములుకుచట్రమును రూపొందింపగా, ఇటలీలోని కూర్మయ్యూర్ గ్రామపు కమ్మరి హెన్రీ గ్రివెల్ దానిని చేసి యిచ్చెను. పర్వతారోహకుల చరిత్ర ఇచటినుండియే విజృంభించును. ముదుసళ్ళ చరిత్ర ఆ పాత నాలుగుకొనల పీటతోనే చాలకాలము సరిపెట్టుకొనెను.

జంతువులనుగూర్చి ఒక్కమాట. 1812లో నెపోలియను సైన్యము మాస్కోనుండి మరలునపుడు చలికంటెను ఆకలికంటెను తక్కువగా చెప్పబడు ఒక కారణము కలదు: గుఱ్ఱములకు శీతకాలపు లాడములు లేకుండుట. రష్యాలో రాయబారిగా నుండి అచటి చలినెఱిగిన కోలెన్‌కూర్ తన యధీనమందలి చక్రవర్తి అశ్వశాలలోని గుఱ్ఱములకు మాత్రము ముందుగానే కొనలుగల లాడములు కొట్టించెను. మిగిలిన గుఱ్ఱములు నున్నని గడ్డదారులపై జాఱి పడి, లేవలేక, లాగుచున్న బండ్లతోను ఫిరంగులతోను సహా నశించిపోయెను. కమ్మరిచేతి పిడికెడు మేకులు లేకపోవుటచే మహాసైన్యమొకటి తన యీడ్పుబలమును పోగొట్టుకొన్నది.

ఇనుము కొనలేనివారికి గడ్డి యుండెను. మన దేశముననే కాశ్మీరమున గ్రామీణులు తరతరములుగా వరిగడ్డిని పేని, తాడుగా అల్లి, పుల్హోర్ అను చెప్పులు చేసికొనిరి. కోత ముగిసిన పిమ్మట ఇంటింట మిగులు గడ్డియే దానికి ముడిసరకు. చేయుటకు వేఱుగా అంగడి లేదు, ఇంటివారి చేతులే చాలును. తోలుచెప్పు జాఱుచోట ఆ గడ్డిచెప్పు నిలుచును. దాని గరుకైన అల్లిక మంచును కఱచి పట్టును. అది కొన్నిదినములకే అరిగిపోవును, మఱియొక జత అల్లుకొందురు. రబ్బరుబూట్లు చవుకగా వచ్చినపిదప ఈ కళ అంతరించుచు వచ్చినది. ఇపుడది ముదుసళ్ళ జ్ఞాపకమందును వస్తుప్రదర్శనశాలలందును కానవచ్చును. కాశ్మీరీయుల మఱియొక ఆచారము నన్నెప్పుడు నాలోచింపజేయును. వారు ఫిరన్ అను పొడవాటి వదులంగీ లోపల, నిప్పుకణికలు నింపిన కాంగ్రీ యను మట్టికుండను వెదురువంటి సన్ననికొమ్మల బుట్టలో నుంచి, పొట్టకానించి పట్టుకొని నడతురు. వెచ్చదనమునకై చేతులు రెండును అంగీలోపల నుండును. తూలినపుడు చాచి సరిచూచుకొనవలసిన చేతులే కట్టుబడియుండగా, నిప్పును చేతబట్టుకొని, ఒలికిపోకుండ మంచుపై నడచు ఆ జనులకు పాదముక్రింది గడ్డి యెంత యవసరమో ఊహింపవచ్చును.

ఈ గడ్డితెలివికి నవీనశాస్త్రము చాల ఆలస్యముగా సాక్ష్యము పలికినది. న్యూజిలాండు దేశపు డనీడిన్ నగరము నిటారు వీధులకు ప్రసిద్ధి. అచటి పరిశోధకురాండ్రు ముగ్గురు, బూట్లమీద మేజోళ్ళు తొడిగి గడ్డకట్టిన కాలిబాటలపై నడచినచో జాఱుట తగ్గునని 2009లో ప్రకటించిరి. లోకము దానికి నవ్వి, మఱుసటి యేట హాస్యపురస్కార మొకటి యిచ్చినది. నాకు మాత్రమందు నవ్వవలసిన దేమియు కనబడదు. అంతకుముందే 2005లో ప్రకటితమైన విస్కాన్సిన్ పరిశోధనయందు, అఱువదియైదేండ్లు దాటి, అంతకుముందొకసారి పడియున్న వృద్ధులలో, చుట్టలుచుట్టిన తీగతో చేసిన తొడుగును బూట్లకు వేసికొన్నవారు ఆరుబయట తక్కువగా పడిరని తేలెను. బిర్కాలోని కమ్మరికి తెలిసిన సంగతియే యిది. కాని ఈసారి ప్రశ్న బలవంతులను గూర్చి కాక, పడినవారిని గూర్చి వేయబడినది. ఆ మార్పును నేను గొప్పదిగా నెంచుచున్నాను.

పాదము తరువాత చేయి. ఊతకఱ్ఱ మంచుదేశములలో వార్ధక్యమునకు గుర్తు కాదు. అది యందఱి మూడవకాలు. 1786 ఆగస్టు 8వ తేదీన మోంబ్లాన్ శిఖరమును మొదటిసారి యెక్కిన బల్మా, పకార్ అనువారి చేత త్రాళ్ళు లేవు, మంచుగొడ్డళ్ళు లేవు; ఇనుపకొన తొడిగిన పొడవాటి కఱ్ఱలు మాత్రమే యుండెను. మఱుసటి సంవత్సరము బల్మాతో కలిపి పదునెనిమిదిమంది దారిచూపువారిని వెంటబెట్టుకొని అదే శిఖరమును చేరిన జెనీవా పండితుడు సోస్యూర్ కాలమున ఒక చక్కని పద్ధతి వాడుకలో నుండెను. ఇద్దఱు దారిచూపువారు, ఒకడు ముందును ఒకడు వెనుకను నడచుచు, ఒక పొడవాటి వాసపు రెండుకొనలను పట్టుకొందురు. లోయవైపుననున్న ఆ వాసమును పిట్టగోడగా చేసికొని యాత్రికుడు వారిద్దఱి నడుమ నడచును. నడచుచున్నవానితో పాటు నడచు చేపట్టుకమ్మి! ఎత్తులకు అలవాటుపడనివాని తూలుడును నిందింపక, వాడు తూలునని ముందే యెఱిగి, వాని ప్రక్కన ఆధారమును నడిపించిన ఆ కొండజనుల సౌజన్యము నాకు శిఖరారోహణముకంటెను ఘనముగా తోచును.

లదాఖ్ ప్రాంతమున జంస్కార్ జనులు శీతకాలమున దారులన్నియు మూతపడగా, గడ్డకట్టిన నదినే దారిగా చేసికొని లేహ్ పట్టణమునకు వెన్న మోసికొనిపోవుచుండిరి. ముందు నడచువాడు కఱ్ఱతో మంచును తట్టి, ఆ చప్పుడునుబట్టి క్రింద గట్టిగానున్నదో బోలుగానున్నదో తెలిసికొనును. వెనుకవారు అడుగెత్తి వేయక, పాదమును నేలనుండి విడువక రాచుచు నడతురు. ఒంటికాలిపై నిలుచు క్షణమును వీలైనంత తగ్గించుటయే దాని కిటుకు. మనము నడచునపుడు ప్రతి యడుగునకును దేహము ఒక్కకాలిమీద నుండు స్వల్పకాలము కలదు. పడుట జరుగునది ఆ కాలముననే. నిలుకడ తగ్గినవారికి నేటి వైద్యశాలలలో నేర్పు నడకయు దాదాపుగా ఇదియే.

పాదమును చేయియు ఎవరివి వారివే. కాని వీధి అందఱిది. ఇండ్లలో కట్టెలును బొగ్గును కాలు కాలమున ప్రతి యింటను బూడిద సమృద్ధిగా నుండెను. ఉదయమున పొయ్యి శుభ్రముచేసి, ఆ బూడిదను గడపముందరి బాటపై చల్లుట ఉత్తరదేశపు నగరములలో గృహస్థధర్మముగా పాటింపబడెను. జర్మనీలో నేటికిని ఇంటియజమాని తన యింటిముందరి కాలిబాటపై మంచు తీసి, ఇసుకయో కంకరయో చల్లవలెనను బాధ్యత నిలిచియున్నది. చల్లకపోగా దారినపోవువాడు పడినచో నష్టపరిహారమునకు కూడ గుఱికావలసి వచ్చును. పొరుగువాని నిలుకడకు నేను బాధ్యుడననుటకంటె నాగరకమైన శాసనము నాకు కనబడదు. ఐతే బండ్ల ప్రయోజనము వేఱు. పందొమ్మిదవ శతాబ్ది అమెరికాలో చక్రములకు బదులు జాఱుడుకమ్ములుగల బండ్లు తిరుగుటచేత మంచు తీయుట మాని, గుఱ్ఱములచే పెద్ద కొయ్యరోలరులను లాగించి, దానిని నున్నగా అణగద్రొక్కించుచుండిరి. పైకప్పుగల వంతెనలలో మంచు పడదు గనుక, కూలి యిచ్చి మఱీ లోపల మంచు పఱపించిరి! బండికి సుఖమైన ఆ నునుపు కాలినడకవానికి శత్రువు. పిదప మోటారుబండి వచ్చి దేశమంతటి కోరికను తారుమారు చేసెను. దానికి నల్లని నేల కావలెను. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రమున 1938లో రహదారులపై ఉప్పు చల్లుట ప్రయోగముగా మొదలయ్యెను. 1941-42 శీతకాలమునకు అమెరికా రహదారులపై చల్లిన ఉప్పు 5,000 టన్నులు. నేడది ఏటేట కోటిటన్నులు మించినది. ఉప్పు నీటి ఘనీభవనస్థానమును దించి మంచును కరగించును; కాని సున్నకు పది డిగ్రీలు దిగువకు పోయినపిదప దాని పని మందగించును, అపుడిసుకయే గతి. ఉప్పు చెట్లవేళ్ళను, కాంక్రీటును, చెరువులనీటిని చెఱుచుటయు నెల్లరెఱిగినదే. ఈ సమస్తవ్యయమును ముందుగా చక్రము కొఱకే. రహదారినుండి త్రోసిన మంచు పోయి కుప్పపడునది కాలిబాటమీదనే.

జపానులోని సప్పోరో నగరమున ఇది మఱింత స్పష్టముగా కానవచ్చినది. అచటి మోటారుబండ్ల చక్రములకు ఇనుపములుకులుండెడివి. అవి తారురోడ్డును గీకి లేపిన దుమ్ము ఊపిరితిత్తులకు హానికరమగుటచేత 1990లో శాసనము చేసి వానిని మాన్పించిరి. గాలి శుభ్రమయ్యెను. కాని ములుకులులేని చక్రములు కూడళ్ళవద్ద ఆగి కదలునపుడెల్ల మంచును రుద్ది రుద్ది మెఱుగుపెట్టగా, నడచువారు దాటవలసిన చోటులే అద్దములైనవి. పడినవారి సంఖ్య పెరిగినది. నగరపాలకులు కూడళ్ళవద్ద ఇసుకపెట్టెలనుంచిరి. దారినపోవువాడెవడైనను అందుండి ఇసుక తీసి, తన ముందును తన వెనుకవచ్చువారి ముందును చల్లిపోవచ్చును. ఇంటియజమాని బూడిదకును ప్రభుత్వపు ఉప్పునకును నడుమ, బాటసారుల పరస్పరోపకారమను మూడవమార్గమును ఆ పెట్టెలు చూపినవి. స్వీడన్‌లో కార్ల్స్‌కోగా పట్టణమువారు 2010 తరువాత తమ పద్ధతినే తలక్రిందులు చేసిరి: పెద్ద రహదారులు ముందు, కాలిబాటలు చివర అను పాతవరుస మాని, బడులకును బస్సులు ఆగుచోటులకును పోవు కాలిబాటలనే ముందుగా శుభ్రము చేయించిరి. మంచుపై గాయపడువారిలో బండ్లవారికంటె నడచువారు, వారిలోను స్త్రీలు అధికులని లెక్కలు చూపుటచేత వారికీ యాలోచన కలిగెను. ఇంతచిన్న మార్పునకు ఇంతకాలము పట్టవలసినది కాదు.

ఈ చరిత్ర ఇపుడు తెలుగుయిండ్లకు కూడ సంబంధించినది. షికాగో, టొరంటో వంటి చలినగరములలో స్థిరపడిన కుమారుల, కుమార్తెల యిండ్లకు పోయి శీతకాలము గడపు తలిదండ్రులు నేడు పెక్కుమంది. వానకాలమున పొలముగట్లపై కాలివ్రేళ్ళతో బురదను పట్టి నడచుటకు అలవాటుపడిన మన పెద్దలకు, వ్రేళ్ళు కదలని బూటులో ఆ పూర్వవిద్య పనికిరాదు. వారికి ఆ దేశపు విద్యయే నేర్పవలెను. చేతులు జేబులలో నుంచక, ఉన్నితొడుగులు వేసి బయట నుంచుట. పాదమంతయు చదునుగా మోపుచు పొట్టియడుగులు వేయుట. ఊతకఱ్ఱకొనకు మడుచుటకు వీలైన ఇనుపములుకును తగిలించుట. తొందరపెట్టి చేయిపట్టి లాగక, తోడుపోవువాడు తన మోచేతిని వారి కందించుట. సాయంకాలపు గడ్డ కట్టకముందే ఇల్లు చేరుట. ఇంటిలో అడుగుపెట్టుటకు ముందు బూట్లతొడుగులను విప్పి, కఱ్ఱములుకును మడువవలెను. మంచును పట్టిన ఆ ఇనుమే గడపలోపలి నున్నని పలకలపై జాఱును. విప్పుటకై వంగినపుడు తల తిరుగును గనుక, తలుపు ప్రక్కన కూర్చుండుటకొక పీటయు, గడపవెలుపల చల్లుటకొక బకెట్టెడు ఇసుకయు నుంచవలెను.